అత్త ఫోన్లో ఊరంతా

కంపాలా,
సెప్టెంబరు రెండో వారం

తెజిరా అత్తకి,

మోకాళ్ళ మీద కూర్చుని పలకరించానని అనుకో. నీ పనికి దండాలు, నీ తోటకి దండాలు, కోళ్ళకి దండాలు, పడ్డ వానకి, పడని వానకి దండాలు. పలకరింపులు అయిపోయాయి. ఇక తిట్టనీ.

నిన్నంతా నువ్వు ఫోన్ చేస్తూనే ఉన్నావు. నేను ఎత్తలేదు. చెవుడొచ్చి కాదు, పట్నం గర్వం తలకెక్కీ కాదు. పోయిన ఆదివారం నీ దగ్గర్నుంచి ఒక మెసేజి వచ్చింది. "ప్రియమైన నన్నోజీ, మీరు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను. రిటా పరిచయాల రోజు గురించి మీ అమూల్యమైన అభిప్రాయం తెలుపగలరు." చదివి భయపడ్డాను. పుట్టినప్పటి నుంచి నువ్వు నన్ను ఒసే అనే పిలిచావు. నాన్న పోయిన రోజు కూడా "ఒసే, లేచి మొహం కడుక్కో" అన్నావు. అమూల్యమైన అభిప్రాయం ఏంటి అత్తా? తర్వాత కింద చిన్న అక్షరాలు కనిపించాయి. ఏఐ సాయంతో రాసినది. అప్పుడు అర్థమైంది. నీకేం కాలేదు, కొత్త ఫోన్ కొన్నావు.

నా పని నీకు తెలుసు. ఆర్కేడ్ కింది అంతస్తులో మెట్ల కింద చిన్న బల్ల. పగిలిన అద్దాలు మారుస్తాను, చారులో పడ్డ ఫోన్లు ఆరబెడతాను. ఏ బడిలోనూ నేర్పలేదు. పాడైన ఫోన్లు ఇంకా పాడుచేసి నేర్చుకున్నాను. ఇప్పుడు రోజూ ఒకటే గొడవ. టమాటాలమ్మే ఆవిడ వస్తుంది. "అమ్మాయీ, పొద్దున డేటా వేయించా, మధ్యాహ్నానికి లేదు. ఎవడు తిన్నాడు?" తెరిచి చూస్తే ఈ ఏఐ. ఆమె కావాలనలేదు. ఫోన్‌తోపాటే వచ్చి కూర్చుంది, దానంతటదే ఆన్‌లో ఉంది. ఆమె కూతురి ఫొటో తీసుకుంటే దాన్ని ఏ దేశానికో పంపి, చూపించి, "సంతోషంగా ఉన్న పాప" అని రాయించి వెనక్కి తెస్తుంది. పాప సంతోషంగా ఉందని కన్నతల్లికి తెలీదా? ఆ రానూపోనూ చార్జీ ఎవరిస్తారు? టమాటాలు.

పైగా మూణ్ణెల్లు ఉచితం. ఆ తర్వాత నెలనెలా కోసుకుంటారు. అందుకే వచ్చిన ప్రతి ఆడమనిషికీ దాన్ని ఆపేసి పంపిస్తున్నాను. మా యజమాని లుతాయా చూశాడు. "నీకు జీతం నేనిస్తున్నానా, టమాటాలిస్తున్నాయా?" అన్నాడు. మూణ్ణెల్లయ్యాక డబ్బు కట్టేవాళ్ళు మిగిలితేనే కంపెనీవాడు ఆయనకి కమీషన్ ఇస్తాడు.

ఇంకొకటి విను. నా పక్క గదిలో అటిమ్ అని ఒకమ్మాయి ఉంటుంది. దాని ఉద్యోగం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరెవరో తమ ఫోన్లకి చెప్పుకున్న మాటలు వింటూ, యంత్రం సరిగ్గా రాసిందో లేదో దిద్దడం. "ఇవాళ ఒకావిడ మొగుణ్ణి తిట్టింది చూడు, నాకు రాని తిట్లు వచ్చాయి" అని నవ్వుతుంది. పేర్లుండవు, ఎవరో తెలీదు అంటుంది. గొంతు ఉంటుంది కదా అత్తా.

నువ్వు ఎవరివి? సెంగావి, పెళ్ళికి ముందు పిల్లలకి అన్నీ నేర్పే మేనత్తవి. పెళ్ళికూతుళ్ళు తల్లికి కూడా చెప్పనివి మేనత్తకి చెప్తారు, సొంత మేనత్త లేని వాళ్ళు నీ దగ్గరికే వస్తారు. నవంబరులో మన రిటాని పెళ్ళికొడుకు వాళ్ళు చూసి ఒప్పుకుని వెళ్ళే రోజు. దాని చెవిలో నువ్వు చెప్పేది, నీ చెవిలో అది చెప్పేది, మధ్యలో ఈ మూడోది ఎవరు?

నాకు ఫోన్ చేయకు. ఉత్తరం రాయి. మసాకా టాక్సీ నడిపే కటో చేతికివ్వు. వాడు విప్పి చదవడు, వాడికి వాళ్ళావిడ రాసినవి చదవడానికే తీరిక లేదు.

నన్నోజి

*

కలుంగు,
సెప్టెంబరు నెలాఖరు

ఒసే నన్నోజీ,

నీ ఉత్తరం అందింది. మడతల్లో వేరుశెనగ పొట్టు రాలింది. తింటూ రాశావా, కోపంతో నమిలావా?

పలకరింపులు అలా మూట కట్టి విసిరేయకూడదు. నీ పనికి మెచ్చుకోలు తల్లీ. నీ బల్లకి, నీ చేతులకి, నీ నోటికి కూడా మెచ్చుకోలు, అదొక్కటే విశ్రాంతి లేకుండా పనిచేస్తోంది కాబట్టి. నేను బాగున్నాను. మటోకే అరటి గెలలు దిగాయి. మీ ముగలూలా పెదనాన్న కూతురు రిటా పరిచయాల రోజుకి కొత్త తెల్ల అంగీ కుట్టించుకుని, ఎవరూ అడక్కుండానే వేసుకుని తిరుగుతున్నాడు.

ఇక ఫోన్. మన సెంటర్లో కసాయి కొట్టు పక్కన కియింబా దగ్గర కొన్నాను. ఎంత మర్యాదస్థుడే! నన్నేమీ అడగలేదు. పుట్టిన తేదీ అడగలేదు, కాగితాలు అడగలేదు, మాంసం తూచి చుట్టేలోపు ఫోన్ తయారుచేసి చేతిలో పెట్టాడు. "అమ్మా, అన్నీ నేనే వేసేశాను, మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు" అన్నాడు.

నువ్వు ఏఐ అంటున్నదాన్ని నేను పనిపిల్ల అంటాను. జీతం అడగదు, ఎదురు చెప్పదు, నీలా కాదు. నా కళ్ళ సంగతి నీకు తెలుసు. పెళ్ళికూతుళ్ళు గంటకోసారి వాయిస్ మెసేజిలు పంపిస్తారు. చర్చి మెట్ల మీద ఉపదేశిగారు పక్కనుండగా అవి గట్టిగా మోగితే నా గతేం కావాలి? పనిపిల్ల వాటిని రాసి పెడుతుంది. పెద్ద అక్షరాల్లో చదువుకుంటాను. నేను చెప్పే జవాబు కూడా రాసి దాచిపెడుతుంది. మొన్న ఒక పిల్లకి మొదటి వారం ఎలా మెలగాలో వివరంగా చెప్పాను. నేను సూటిగా చెప్పను కదా, చేను, తడి, విత్తనం అని చెప్తాను. అది అంతా శ్రద్ధగా రాసి, పైన "తోటపని సలహాలు" అని పేరు పెట్టింది. కింద ఎరువుల కొట్టు చిరునామా ఇచ్చింది. నవ్వీ నవ్వీ నాకు నడుం పట్టింది.

పాపం, దానికి కాస్త మతిమరుపు ఉన్నట్టుంది. రోజూ పొద్దున్నే ఆ రోజు విశేషాలు చెప్తుంది. నిన్న "మీ మొలల మందు మర్చిపోకండి" అంది. నాకు మొలలెక్కడివే? "పశువుల డాక్టరు మంగళవారం మీ గిత్తని చూడ్డానికి వస్తారు" అంది. నాకు గిత్త లేదు. కానీ ఫొటోల్లో ఒక గిత్త ఉంది, ఎంత ముద్దుగా ఉందో! "పాటల ప్రాక్టీసుకి రాలేనని ఫాదర్‌కి చెప్పండి, అసలు కారణం చెప్పకండి" అంది. నేను పాడితే కోళ్ళు పారిపోతాయి. ఫ్యాక్టరీలో ఎవరి బుర్రో దీనికి పెట్టేశారని రిటా నవ్వింది.

డేటా తింటుందన్నది నిజమే. సోమవారం వేయిస్తే బుధవారానికి ఖాళీ. ఏ పనిపిల్ల తినదు చెప్పు?

తెజిరా అత్త

ఈ ఉత్తరం నా చేత్తోనే రాశాను. వంకరలు చూస్తే తెలుస్తుంది.

*

కంపాలా,
అక్టోబరు

అత్తా,

ముందు కూర్చో. కుర్చీ మీద కాదు, చాప మీద. పడినా దెబ్బ తగలదు.

నీ పనిపిల్లకి మతిమరుపు లేదు. ఆ మొలలు ఎవరివో నిజంగానే ఉన్నాయి. ఆ గిత్త ఎవరింట్లోనో గడ్డి తింటోంది. ఆ పాటల ఆవిడ ఎవరో ఫాదర్‌కి అబద్ధం చెప్పబోతోంది. అవన్నీ నీ ఫోన్లోకి ఎందుకొచ్చాయో చెప్తాను.

కొత్త ఫోన్ కొంటే ప్రతి మనిషికీ విడిగా ఒక ఖాతా తెరవాలి. నీ పేరు, నీ నంబరు, నీకు మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్. నీ ఫొటోలు, నీ మాటలు అన్నీ ఆ ఖాతాలోకి పోయి పడతాయి. ఆ మర్యాదస్థుడు కియింబా ఆ పని చేయలేదు. కొన్నవాళ్ళందరి ఫోన్లలోనూ తన సొంత ఖాతానే వేసి ఇచ్చేశాడు. నిన్న ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడో తెలుసా? "అక్కా, ముసలాళ్ళు పాస్‌వర్డ్ మర్చిపోతారు, వారం తిరక్కుండా నా కొట్టు ముందు నిలబడతారు. నాదైతే నేను మర్చిపోను కదా!" గర్వంగా చెప్పాడత్తా. వాడి దృష్టిలో అది సేవ.

అంటే మీరందరూ ఒకే ఇంట్లో, గోడలు లేకుండా, బట్టలు మార్చుకుంటున్నారు.

పాత ఫోన్లయితే ఇంత నష్టం ఉండేది కాదు. ఫొటోలు కలిసేవి, అంతే. ఇప్పుడు ఈ ఏఐ ప్రతి మాటనీ రాసి, మడతపెట్టి, పేరు పెట్టి, పొద్దున్నే ప్రతి ఫోన్‌కీ పంచుతోంది. నువ్వు ఊరి మొలలు చదువుతున్నావు. మరి ఊరు ఏం చదువుతోంది? నువ్వు పెళ్ళికూతుళ్ళకి చెప్పినవి. పెళ్ళికూతుళ్ళు నీకు చెప్పినవి.

రిటా నీకు చెప్పింది కూడా. ఏం చెప్పిందో నాకు తెలుసు, నాకూ అదే చెప్పుకుంది. నర్సు చదువు పూర్తయ్యేదాకా, రెండేళ్ళు, పిల్లలొద్దని అదీ, పెళ్ళికొడుకు లుబేగా కలిసి మాట్లాడుకున్నారు. క్లినిక్‌కి కూడా వెళ్ళొచ్చింది. అది లుబేగా తల్లి చెవిన పడితే? ఆవిడ కవలల్ని కన్న తల్లి, ఊరంతా నలోంగో అని దండం పెడుతుంది, కోడలు కూడా కవలల్నే కంటుందని ఇప్పటికే రెండు ఉయ్యాలబుట్టలు అల్లించిందట. పందిట్లో అందరి ముందు వాళ్ళ తరఫున చిక్కు ప్రశ్నలు వేసే మాటకారి లేచి, "మీ పిల్ల క్లినిక్‌లో ఏం చేసొచ్చింది?" అని ఒక్క ప్రశ్న వేస్తే రిటా ఏమవుతుంది? నువ్వు ఏమవుతావు? నీ దగ్గరికి ఇంకే పిల్లయినా వస్తుందా?

కియింబా దగ్గర ఇంకెవరెవరు కొన్నారో కనుక్కో. ఆ ఫోన్ ఇప్పుడే ఆపెయ్. సెట్టింగులు నువ్వు వెతకలేవు, బ్యాటరీ అయ్యేదాకా దుప్పట్లో చుట్టి పెట్టు.

నన్నోజి

*

కలుంగు,
అక్టోబరు నడిమి

నన్నోజీ,

నీ ఉత్తరం చదివాక ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. కోళ్ళకి కూడా గింజలు వేయడం మర్చిపోయాను. నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్ల మొహమూ గుర్తొచ్చింది. వాళ్ళు ఏమేం అడిగారో గుర్తొచ్చింది. అవి నీకు రాయను.

కసాయి కొట్టు దగ్గర కూర్చుని కనుక్కున్నాను. మొలలు ఉపదేశిగారివి. గిత్త పాలవాడు కకీటోది. అబద్ధం పాటల జట్టులో లావుపాటి ఆవిడది. ఇంకా కొన్నవాళ్ళలో ఒకడు ఉన్నాడు, పేరు వింటే నీకు ఒళ్ళు మండుతుంది. సెబుగూజి. అవును, లుబేగా వాళ్ళు పరిచయాల రోజుకి మాట్లాడుకున్న మాటకారి. మనవైపు అడిగే చిక్కు ప్రశ్నలన్నీ, వేయబోయే జరిమానాలన్నీ నేను ఫోన్లోనే రిటాకి చెప్పాను. వాడు కూర్చుని బట్టీపడుతూ ఉండి ఉంటాడు. నలోంగోకి కూడా కొడుకు ఒకటి కొనిచ్చాడట. ఆవిడకి అక్షరం ముక్క రాదు కాబట్టి ఆవిడ సంగతి వదిలెయ్.

పెళ్ళికూతుళ్ళందరికీ కబురు పంపాను. ఫోన్లో ఇంక ఒక్క మాట చెప్పొద్దు, కాళ్ళున్నాయి కదా, నడిచి రండి అని.

కానీ ఫోన్ ఆపలేదు. తిట్టకు, పూర్తిగా విను. ఆపేస్తే నా మాటలు ఎవరు వింటున్నారో ఎలా తెలుస్తుంది? అందుకని ఇవాళ పొద్దున పనిపిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, రిటాకి పంపుతున్నట్టుగా, గొంతు తగ్గించి, స్పష్టంగా ఒక మాట చెప్పాను.

"మా అన్నయ్య ముగలూలా పైకి నియమాలు చెప్తాడు గానీ, లోపల వేయించిన మిడతలంటే ప్రాణం పెడతాడు. పరిచయాల రోజున ఎవరైనా ఒక బుట్టెడు తెచ్చి చేతిలో పెడితే ఇంక ఏ ప్రశ్నా అడగడు, దేనికైనా ఊఁ అంటాడు. ఇది మన ఇంట్లో ఆడవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు."

నువ్వు నవ్వుతున్నావని నాకు తెలుసు. మిడత వంశంలో పుట్టినవాడు, వంశానికి పేరిచ్చిన మిడతని తినడమా! నవంబరులో మసాకా జిల్లా అంతా దీపాలు పెట్టి మిడతలు పట్టి కరకరా నములుతుంటే మొహాలు తిప్పుకుని కూర్చునేవాళ్ళం కదే మనం. సెబుగూజి పుట్టి బుద్ధెరిగిన మనిషైతే నమ్మడు. కానీ దొంగతనంగా విన్నాడు కాబట్టి నమ్ముతాడు. బుట్ట తెస్తాడు. పందిట్లో నిలబెట్టి, ఈ సంగతి నీకెవరు చెప్పారు బాబూ అని అడుగుతాను. ఏం చెప్తాడు? ఆడపిల్లల గుసగుసలు చదువుతున్నానని ఆడవాళ్ళందరి ముందూ చెప్తాడా? ఆ రోజంతా నోరు మూసుకుంటాడు. రిటా గట్టెక్కుతుంది.

నువ్వు మాత్రం రాకు. నువ్వొస్తే పలకరింపులు పూర్తికాకముందే వాడి పీక పట్టుకుంటావు.

తెజిరా అత్త

*

కంపాలా,
అక్టోబరు చివర

అత్తా,

నవ్వలేదు. బల్ల మీద గుద్దాను. బాగుచేస్తున్న ఫోన్ ఎగిరి కిందపడి మళ్ళీ పగిలింది. ఆ అద్దం డబ్బు నా జీతంలోంచి పోతుంది, నీ మిడతల ఖాతాలో రాసుకో.

నీకు ఇది ఆటలా ఉందా? ఇద్దరు మాటకారులు ఒకరినొకరు ఆటపట్టించుకునే రోజు అని నీకు సరదా. ముగలూలా పెదనాన్న సంగతి మర్చిపోయావా? పోయినేడు ఎవరో ఆయన పక్కన కూర్చుని మిడతలు నమిలాడని టాక్సీ ఆపించి నడిచి ఇంటికొచ్చిన మనిషి. బుట్ట మూత తీసి చూసి, "నా ఇంటికొచ్చి నన్ను అవమానిస్తారా, లేవండి" అన్నాడనుకో. పిల్ల సంగతేంటి? లుబేగా మంచివాడు అత్తా. చదువుకుంటానంటే సరే అన్న మగాణ్ణి రిటా ఎక్కడ వెతుక్కుంటుంది మళ్ళీ?

సెబుగూజి వెధవ అయితే వాడి ఇంటికెళ్ళి మొహం మీద అడుగు. మోసం చేసినవాడికి మోసమే జవాబంటే, ఆ కంపెనీవాళ్ళకీ నీకూ తేడా ఏంటి? వాళ్ళు కూడా మన మంచికేనని చెప్పే మన నోట్లో మాటలు లాక్కుంటున్నారు.

లుతాయా నాకు ఇవాళ ఆఖరిసారి అన్నాడు. ఇక నేను ఎవరి ఏఐ ఆపినా పని నుంచి తీసేస్తాడట. సరే, నేను ఆపను అన్నాను. టమాటాల ఆవిడకి ఎలా ఆపుకోవాలో నేర్పించాను. ఆవిడ ఉల్లిపాయల ఆవిడకి నేర్పింది. ఇప్పుడు ఆ వరసంతా వాళ్ళే ఆపుకుంటున్నారు. నన్ను తీసేయడానికి ఆయనకి కారణం దొరకట్లేదు.

రావద్దన్నావు, రాను. కానీ ఆ మాట వెనక్కి తీసుకో. మళ్ళీ పనిపిల్లకి చెప్పు, మిడతల సంగతి అబద్ధమని.

నన్నోజి

*

కలుంగు,
నవంబరు, పరిచయాలు అయిన మర్నాడు

నన్నోజీ,

వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాల్సింది. ముందే రాసేస్తున్నాను, చదువుతూ చదువుతూ పళ్ళు కొరుక్కోకుండా.

పొద్దున బాగా మొదలైంది. రెండు పందిళ్ళు ఎదురెదురుగా వేశారు. రిటా గోమెసి గౌను కట్టుకుని గదిలో కూర్చుంది, నా చెయ్యి వదల్లేదు. వాళ్ళు వచ్చారు, తెల్ల అంగీలు, వరసగా. సెబుగూజి మాట అందుకున్నాడు. నేను చెవులు రిక్కించాను. మనవైపు మాటకారి మొదటి చిక్కు ప్రశ్న వేశాడు, నేను ఫోన్లో రిటాకి చెప్పినదే. సెబుగూజి తడబడ్డాడు. రెండోది వేశాడు. దానికీ తడబడి జరిమానా కట్టాడు. వీడికి ఏమీ తెలీదే. వీడు ఏమీ చదవలేదే!

అప్పుడే వాళ్ళవైపు ఆడవాళ్ళు కానుకల బుట్టలు తలల మీద పెట్టుకుని వచ్చి మోకరించారు. ఉప్పు, చక్కెర, గోమెసిలు, కోళ్ళు. చివర అరిటాకుతో మూసిన ఒక చిన్న బుట్ట. సెబుగూజి అన్నాడు, "ఇది పెళ్ళికొడుకు తల్లి ప్రత్యేకంగా కట్టింది. పిల్ల తండ్రి చేతికే ఇమ్మంది. లోపల ఏముందో నాకూ తెలీదు." మీ పెదనాన్న మురిసిపోతూ ఆకు విప్పాడు.

వేయించిన మిడతలు. ఉల్లిపాయలు వేసి, ఎర్రగా.

అన్నయ్య మొహం చూశాను. మెడ నరాలు లేచాయి. గదిలోంచి రిటా చూస్తోంది. లుబేగా మొహం సున్నం కొట్టినట్టయింది. నువ్వు రాసినదంతా అక్షరం పొల్లుపోకుండా జరగబోతోంది. చేసింది నేను.

నాకు నా నోరు తప్ప వేరే ఆస్తి లేదు కదే. లేచి గట్టిగా ఏడుపు మొదలుపెట్టాను.

"అయ్యో మా వాళ్ళే! మా తమ్ముళ్ళే! మా బాబాయిలే! కనబడటం లేదని నెల నుంచి వెతుకుతున్నామే! మీ దీపాల దగ్గర చిక్కారా తండ్రీ! పైగా ఉల్లిపాయలు కూడా వేశారా!"

మనవైపు మాటకారి గట్టివాడు, వెంటనే అందుకున్నాడు. "పెళ్ళికొడుకు వారు మా వంశస్థుల శవాలు తెచ్చి అప్పగించారు. వాళ్ళ మంచితనం చూడండి. కానీ చంపిందెవరు? ఇన్ని ప్రాణాలకి ఎన్ని మేకలు?" సెబుగూజికి అప్పటికి ప్రాణం వచ్చింది. రెండు చేతులూ జోడించి, "అయ్యా, వీళ్ళు మా ఇంటి దీపం చూసి తమంతట తామే వచ్చారు, మీ పిల్ల మా ఇంటికి వచ్చినట్టే!" అన్నాడు. మొదట ముసలాళ్ళు నవ్వారు. తర్వాత పందిరి కదిలిపోయేలా అందరూ నవ్వారు. మీ పెదనాన్న చాలాసేపు నవ్వలేదు. చివరికి బుట్ట పక్కన పెట్టి, "నా తోబుట్టువుల్ని తోటలో పాతిపెట్టండి" అన్నాడు. పాతిపెట్టారు. పిల్లల్ని కాపలా పెట్టాల్సి వచ్చింది, తవ్వుకుని తినకుండా. మేక జరిమానా కట్టారు, రిటాని ఒప్పుకున్నారు, ఉంగరం తొడిగారు.

అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆ ఖాళీ బుట్ట పట్టుకుని కూర్చున్నాను.

పరిచయాలకి పెళ్ళికొడుకు తల్లి రాదు కదా, నలోంగో ఇంటి దగ్గరే ఉంది. అక్షరం ముక్క రాని మనిషి. అయినా ఆ బుట్ట కట్టింది ఆవిడే. అంటే విన్నది ఆవిడే. రిటా మాట కూడా విని ఉంటుంది. తెలిసీ ఉంగరం పంపింది. ఎందుకు పంపిందో నాకు అర్థం కావడం లేదు. తెల్లారి నేనే వాళ్ళ ఇంటికి వెళ్తున్నాను.

తెజిరా అత్త

*

కంపాలా,
డిసెంబరు మొదటి వారం

అత్తా,

శవాలు తెచ్చి అప్పగించారా! టాక్సీ స్టాండులో ఈ కథ నాకంటే ముందే చేరింది. కటో ప్రతి ప్రయాణంలోనూ ఏడ్చి చూపిస్తున్నాడు, నీ గొంతుతో. నవ్వాను. ఒప్పుకుంటున్నా. ఐనా నా కోపం పోలేదు.

సెబుగూజి వెధవ కాదని తేలింది. పోనీ, వాడి పీక పట్టుకోకపోవడం మంచిదైంది.

ఆదివారం మీ సెంటర్‌కి వచ్చాను. నీ ఇంటికి వచ్చేసరికి నువ్వు లేవు, పెళ్ళికూతుళ్ళ ఇళ్ళకి వెళ్ళావన్నారు. కసాయి కొట్టులో మాంసం వేలాడదీసే కొక్కేల కింద బల్ల వేయించుకుని, కియింబా చేత ఊరంతా చాటించాను. ఫోన్లు పట్టుకుని వచ్చారు. ఒక్కొక్కళ్ళకీ విడిగా ఖాతా తెరిచాను, ఏఐ ఆపాను, పాస్‌వర్డ్ వాళ్ళ చేతే పెట్టించాను. ఉపదేశిగారు పాస్‌వర్డ్ చెవిలో చెప్తానన్నారు. చెప్పొద్దండీ, అదే కదా ఇంతసేపూ చెప్తున్నది అన్నాను. కకీటో తన గిత్త ఫొటోలు మిగతావాళ్ళ ఫోన్లలోంచి తీసేయొద్దని బతిమాలాడు. చూసి ఎవరైనా కొనుక్కుంటారట.

కియింబా మాత్రం ఏడుపు మొహం వేసుకుని కూర్చున్నాడు. ఉచితం అయిపోయింది కదా. ఊరందరి మాటలూ, ఊరందరి కోళ్ళూ, గిత్తలూ దాచిన చోటుకి అద్దె ఎవరిస్తారు? ఖాతా ఎవరిదైతే వాడే. కంపెనీవాడు పెద్ద చోటుకి మార్చేసి, వాడి మొబైల్ డబ్బులోంచి కోసేసుకున్నాడు. "అక్కా, నేను సేవ చేశాను కదా" అన్నాడు. "వాళ్ళూ అదే అంటున్నారు" అన్నాను.

అత్తా, ఒక మాట మాత్రం నీకు అబద్ధం చెప్పలేను. మీ ఫోన్లలోంచి తీసేశాను. కంపెనీ దగ్గరకి పోయినవి పోయాయి. అవి ఎక్కడున్నాయో, ఎవరు వింటారో నాకు తెలీదు. అటిమ్‌ని అడిగాను. మసాకా వైపు యాసలో ఎవరో పెద్దావిడ చేను తడపడం గురించి చెప్పిందని, అది తోటపని కాదని తనకి అర్థమై కడుపుబ్బ నవ్విందని చెప్పింది. నువ్వో ఇంకొకరో తెలీదు. నాకు నవ్వు రాలేదు. బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను.

నలోంగో దగ్గర ఏం జరిగింది? ఆవిడ ఏమందో, నువ్వేమన్నావో, ఒక్క మాట వదలకుండా రాయి. ఆవిడ రిటాని ఒక్క మాటన్నా నేను ఈసారి నేరుగా ఆవిడ ఇంటికే వస్తాను.

నన్నోజి

*

కలుంగు,
డిసెంబరు, క్రిస్మస్‌కి ముందు

ఒసే,

నువ్వొచ్చిన రోజు ఇంట్లో లేనందుకు బాధగా ఉంది. నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్ల ఇంటికీ వెళ్తున్నాను. నీ మాటలు పరాయి ఫోన్లలోకి పోయాయి, తప్పు నాది, అని చెప్తున్నాను. రిటాకే మొదట చెప్పాను. రోజంతా నాతో మాట్లాడలేదు, సాయంత్రం వచ్చి నా పక్కనే పడుకుంది. ఒక పిల్ల తలుపు వేసేసింది. ఇంకొక పిల్ల తల్లి నన్ను కడిగేసింది, నిలబడి కడిగించుకున్నాను. ఒక పిల్ల మాత్రం, "ఆ ఉపదేశిగారు నాది కూడా విన్నారా? అయితే వాళ్ళావిడ ఈ మధ్య అంత సంతోషంగా ఉండటానికి కారణం అదా!" అంది.

ఇక నలోంగో. గుమ్మంలోనే ఎదురొచ్చింది. నేను మోకరించబోతే తను ముందే మోకరించింది. ఇద్దరు ముసలాళ్ళం ఎదురెదురుగా నేలమీద, లేవడం ఎవరికీ చేతకాక.

"మిడతలు ఆయనకి నచ్చలేదట కదా. ఉల్లిపాయలు ఎక్కువయ్యాయా?" అంది.

"నీకు చదవడం రాదు కదమ్మా, ఎలా తెలిసింది?" అన్నాను.

"ఆ ఫోనే చదివి వినిపిస్తుందిగా! పొద్దున్నే పొయ్యి రాజేస్తుంటే మొదలుపెట్టేది. మొదటి రోజు ఆపేద్దామనుకున్నా, ఎలా ఆపాలో తెలీలేదు. తర్వాత తెలిసింది. ఆపలేదు."

"ఎవరివో మాటలని తెలుసు కదా?"

"నీవని కూడా తెలుసు. నువ్వు తప్ప చేను గురించి అలా ఎవరు మాట్లాడతారు? నా పెళ్ళికి ముందే మా మేనత్త పోయింది తెజిరా. నాకెవరూ ఏమీ చెప్పలేదు. కవలలతో కలిపి ఏడుగుర్ని కన్నాను. ఆ పొయ్యి ముందు కూర్చుని, ఈ వయసులో, ఓహో అలాగా, ఓహో అందుకా అనుకున్నాను. రెండుసార్లు మటోకే మాడిపోయింది."

నేను ధైర్యం చేసి అడిగాను. "రిటా మాట కూడా విన్నావా?"

ఆవిడ పొయ్యి పక్కనున్న గిన్నె వైపు వేలు చూపింది. "విన్నా. గిన్నె విసిరేశా, అదుగో సొట్ట. రెండేళ్ళా అని. తర్వాత అనిపించింది, నాకూ మధ్యలో ఎవరైనా ఒక రెండేళ్ళు ఇచ్చి ఉంటేనా అని. ఎవరికీ చెప్పలేదు. నా కొడుక్కి కూడా. వాడే వచ్చి నాకు చెప్పాలి. చెప్పేదాకా మాత్రం వారం వారం మనవలెక్కడ అని సతాయిస్తా. అది నా హక్కు, దాన్ని వదలను."

రిటాకి ఇది చెప్పొచ్చని ఆవిడే ఒప్పుకుంది, అందుకే నీకూ రాస్తున్నాను.

తర్వాత ఆవిడ ఫోన్ తీసుకెళ్ళి పెరట్లో కట్టేసిన మేక దగ్గర పెట్టి వచ్చింది. తలుపు దగ్గరికి వేసింది. చాప పరిచింది. పెళ్ళికూతురు కూర్చున్నట్టు కాళ్ళు ఒక పక్కకి మడిచి, తల వంచుకుని, తెల్లజుట్టు ఆడమనిషి, నన్ను ఒక మాట అడిగింది. నాకు వచ్చినంతా చెప్పాను. మధ్యాహ్నం దాటింది. మధ్యలో ఇద్దరం ఎంత నవ్వామంటే, ఆవిడ మొగుడు తలుపు కొట్టి, ఎవరైనా పోయారా అని అడిగాడు.

ఏమడిగిందని కదూ నీ తర్వాతి ఉత్తరం? రాసుకో, కాగితం నీది. కటో తెచ్చిస్తాడు, చదువుకుంటాను, పొయ్యిలో వేస్తాను. జవాబు రాదు.

తెజిరా అత్త